మట్టిలో కలిసిపోయే ఎలక్ట్రానిక్స్: పంట చేతికొచ్చేదాకా నిలవాలి, తర్వాత కుళ్ళిపోవాలి. ఎలా?



మట్టిలో కలిసిపోయే ఎలక్ట్రానిక్స్ గురించి పైన ఉన్న వీడియోలో పదిహేను నిమిషాలే మాట్లాడగలిగాను. వీడియోలో బొమ్మలు చూపించాను కానీ లోపలి సంగతి వివరంగా చెప్పడానికి టైం చాలలేదు. ఆ మిగిలిన భాగం ఇక్కడ రాస్తున్నాను. కాస్త పెద్దదే, తీరిగ్గా చదవండి.

ఈ టాపిక్ వినగానే ఎవరికైనా వచ్చే మొదటి డౌట్ ఒకటే. "మట్టిలో కుళ్ళిపోయే వస్తువైతే పొలంలో పెట్టిన వారానికే పాడైపోదా? పాడవ్వకుండా నిలిస్తే మరి మట్టిలో ఎలా కలుస్తుంది?"

చాలా సరైన ప్రశ్న అండీ. ఈ పని మీద ఉన్న ల్యాబులు కుస్తీ పడుతున్నది సరిగ్గా ఈ ప్రశ్నతోనే. దీనికి జవాబు మనలాంటి వాళ్ళకి ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఎందుకంటే ఏది ఎప్పుడు కుళ్ళుతుంది, ఎందుకు కుళ్ళుతుంది అనేది మనం రోజూ చూసే పనే.

అసలు ఈ గొడవ మనకెందుకు?

ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో ఇచ్చిన ఈ-వేస్ట్ రిపోర్టు ప్రకారం 2022 ఒక్క ఏడాదిలో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందులో సరైన పద్ధతిలో సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కల్లోకి వచ్చింది 22.3 శాతమే. మిగతాది ఎక్కడికి పోయింది? గుట్టల్లోకి, మంటల్లోకి, మట్టిలోకి.

ఇప్పటిదాకా ఇది ఊళ్ళ, పట్నాల సమస్య. ఇక మీద పొలానికీ వస్తుంది. నేల తేమ చూసే సెన్సార్లు, ఆకు తడి చూసేవి, వేడి కొలిచేవి ఒక్కొక్కటే చేలల్లోకి దిగుతున్నాయి. ఎకరానికి ఒకటి రెండు అయితే పంట అయ్యాక పీకి తెచ్చుకోవచ్చు. ఎకరానికి వంద పెట్టే రోజు వస్తే? దుక్కిలో పడి ముక్కలైపోతాయి. ఆ పచ్చ బోర్డు గాజు పీచు, ఎపాక్సీ జిగురు కలిపి చేసిన గట్టి పలక. మీ మనవల కాలానికీ అలాగే ఉంటుంది. డ్రిప్ పైపు ముక్కలు, మల్చింగ్ షీటు పీలికలు ఏరుకోలేక ఇప్పటికే ఎంత విసుగొస్తోందో మీకు చెప్పాలా!

అందుకే "పంట కాలం పనిచేసి, తర్వాత మట్టిలో కలిసిపో" అనే ఎలక్ట్రానిక్స్ కోసం వెతుకులాట. 2012లో అమెరికాలో జాన్ రోజర్స్ బృందం పల్చటి సిలికాన్, మెగ్నీషియం, పట్టుతో చేసిన సర్క్యూట్‌ని నీళ్ళలో కరిగించి చూపించాక ఈ దారి బాగా ఊపందుకుంది. సిలికాన్ బదులు కార్బన్ పదార్థాలతోనే చేద్దాం అనే దారి ఇంకొకటి. నేను ఈ రోజు చెప్పేది దాని గురించి.

ఆర్గానిక్ సెమీకండక్టర్: ఇక్కడ "ఆర్గానిక్" అంటే మన ఆర్గానిక్ కాదు

ముందు ఈ మాట దగ్గర మోసపోవద్దు. మనం ఆర్గానిక్ అంటే రసాయనాలు వాడని పంట అనుకుంటాం. కెమిస్ట్రీలో ఆర్గానిక్ అంటే కార్బన్‌తో తయారైనది, అంతే. ఆ లెక్కన బెల్లం ఆర్గానిక్, పాలిథిన్ కవరూ ఆర్గానిక్, పురుగుమందుల్లో చాలా భాగమూ ఆర్గానికే. కాబట్టి డబ్బా మీద "ఆర్గానిక్ ఎలక్ట్రానిక్స్" అని కనిపిస్తే అది మట్టికి మంచిదని అనుకోకండి. అది వేరే పరీక్ష.

సెమీకండక్టర్ అంటే మనం గేటు తీస్తే కరెంటు పారేది, గేటు వేస్తే ఆగేది. రాగి తీగలో ఎప్పుడూ పారుతుంది, కట్టెలో ఎప్పుడూ పారదు. ఈ రెండింటి మధ్యది సెమీకండక్టర్. గేటు ఉన్న కాలువ లాంటిది అనుకోండి. ఆ గేటు పేరే ట్రాన్సిస్టర్.

ప్లాస్టిక్ లాంటి కార్బన్ పదార్థంలోనూ కరెంటు పారించవచ్చని 1977లో హిడెకి షిరకావా, అలన్ మెక్‌డైర్మిడ్, అలన్ హీగర్ చూపించారు. దానికి 2000లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. రహస్యం ఏంటంటే, ఆ పదార్థంలో కార్బన్ అణువుల మధ్య ఒక జంట బంధం, ఒక ఒంటి బంధం, మళ్ళీ జంట, మళ్ళీ ఒంటి... ఇలా వరసగా ఉంటాయి. ఆ వరస పొడవునా ఎలక్ట్రాన్లు జారుకుంటూ పోగలవు.

ఇందులో గమ్మత్తు చూడండి. ఇలాంటి వరస ఉన్న పదార్థాలు చాలా వరకు రంగుగా ఉంటాయి! పసుపులో పసుపు రంగు, పండు మిరపలో ఎరుపు, క్యారెట్‌లో నారింజ, నీలిమందులో నీలం. అన్నిట్లోనూ ఈ వరసే. ఇవన్నీ మంచి సెమీకండక్టర్లని నేను అనడం లేదు. కానీ ప్రకృతి రంగుల్లోంచి ట్రాన్సిస్టర్లు చెయ్యాలనే ఆలోచన రావడానికి మూలం ఇదే.

పాడు చేసేవి నాలుగు

ఎలక్ట్రాన్లు జారే ఆ దారే ఈ పదార్థానికి బలం, అదే బలహీనత కూడా. జంట బంధాల దగ్గర ఎలక్ట్రాన్లు కాస్త వదులుగా ఉంటాయి. వాటిని ఎత్తుకుపోవడానికి కాచుకుని ఉండేవి ఇవి:

1. గాలిలోని ఆక్సిజన్. జంట బంధం మీద పడి దాన్ని తెంపేస్తుంది. వరస తెగితే దారి తెగినట్టే.

2. వెలుతురు, ముఖ్యంగా ఎండలోని అల్ట్రావయొలెట్. ఒంటరిగా వెలుతురు చేసే నష్టం కన్నా ఆక్సిజన్‌తో కలిసి చేసేది ఎక్కువ. పెంటసీన్ అనే పదార్థం ల్యాబుల్లో చాలా ఏళ్ళు అందరికీ ఇష్టమైన సెమీకండక్టర్. గాలి, వెలుతురు రెండూ కలిసి తగిలితే దాని పని అయిపోతుంది.

3. తేమ. నీళ్ళు లోపలికి పోయి కొన్ని బంధాల్ని విప్పేస్తాయి. విప్పకపోయినా ఎలక్ట్రాన్లు ఇరుక్కుపోయే గుంతలు తయారు చేస్తాయి.

4. వాడకమే. ఇది చాలామందికి తెలియదు. కాలువలో నీళ్ళు వదిలితే పక్క గుంతల్లో కొంత నిలిచిపోతుంది కదా, చివరి చేనుకి తక్కువ చేరుతుంది. అలాగే ట్రాన్సిస్టర్‌ని ఆపకుండా ఆన్‌లో ఉంచితే కొన్ని ఎలక్ట్రాన్లు గుంతల్లో చిక్కుకుంటాయి. అప్పుడు అదే గేటు తియ్యడానికి నిన్నటి కన్నా ఈ రోజు ఎక్కువ వోల్టేజి కావాలి. కాసేపు ఆఫ్ చేసి రెస్టు ఇస్తే చిక్కుకున్నవి కొంత వరకు మళ్ళీ బయటికి వస్తాయి. గంటకోసారి క్షణం పాటు రీడింగ్ తీసుకుని ఆగిపోయేలా డిజైన్ చెయ్యడానికి ఇదొక కారణం.

ఇంకో సంగతి. కరెంటు రెండు రకాలుగా పారుతుంది. ఎలక్ట్రాన్లు కదలడం ఒకటి, ఎలక్ట్రాన్ లేని ఖాళీలు కదలడం రెండోది. తక్కువ కరెంటు తినే సర్క్యూట్ కావాలంటే రెండు రకాలూ ఉండాలి. ఆర్గానిక్ పదార్థాల్లో ఎలక్ట్రాన్లు మోసే రకమే గాలిలో తొందరగా దెబ్బతింటుంది. కదులుతున్న ఎలక్ట్రాన్‌ని ఆక్సిజన్, నీళ్ళు మధ్య దారిలోనే లాగేసుకుంటాయి. అందుకే గాలిలో రెండు రకాలుగానూ నిలిచే పదార్థం దొరికితే అది పెద్ద వార్త.

మిరపకాయ, పసుపు, నీలిమందు: మనకు తెలిసిన పాఠం

గుంటూరు చుట్టుపక్కల అన్ని కోల్డ్ స్టోరేజీలు ఎందుకున్నాయి? మిరపకాయ బయట నిలవుంటే రంగు పోతుంది, రంగు పోతే రేటు పోతుంది. ఆ ఎరుపు కెరోటినాయిడ్ల జాతి రంగు. జంట బంధాల పొడవాటి వరస, పక్కన ఏ కాపలా లేకుండా ఉంటుంది. గాలి, వెలుతురు, వేడి తగిలితే ఒక్కొక్కటే తెగిపోతుంది. క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్‌తో ట్రాన్సిస్టర్లు చేసి చూశారు. పనిచేసింది, కానీ కరెంటు చాలా నెమ్మది, గాలికి తట్టుకోదు.

పసుపు సంగతి మీ ఇంట్లో ఆడవాళ్ళని అడగండి. చీర మీద పసుపు మరక పడితే ఏం చేస్తారు? ఉతికి ఎండలో ఆరేస్తారు. రెండు మూడు ఎండలకి మరక పోతుంది. సున్నం తగిలితే పసుపు ఎర్రగా మారుతుంది, మన పారాణి అదే కదా. అంటే ఎండకీ, క్షారానికీ పసుపు లొంగిపోతుంది.

ఇప్పుడు నీలిమందు. ఇక్కడ జాగ్రత్త, తెల్ల బట్టలకి పెట్టే షాపు నీలిమందు వేరే రంగు. నేను చెప్పేది నీలి మొక్క ఆకుల్లోంచి తీసే అసలు నీలి. ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో కడప, కర్నూలు, నెల్లూరు జిల్లాల్లో దీన్ని పెద్ద ఎత్తున పండించేవాళ్ళు. 1897లో జర్మనీలో ఫ్యాక్టరీ నీలి మార్కెట్‌లోకి వచ్చాక ఆ సాగు పడిపోయింది. అయితే ఫ్యాక్టరీ నీలి, మొక్క నీలి లోపల ఒకటే అణువు. జీన్స్ ప్యాంటుకి వేసేదీ అదే.

నీలి ఎండకి ఎందుకు పోదు? రెండు కారణాలు. ఒకటి, అణువు లోపలా, పక్క అణువుతోనూ హైడ్రోజన్ బంధాలు వేసుకుని చెయ్యీ చెయ్యీ పట్టుకుని దగ్గరగా సర్దుకుంటుంది. చెరువు గట్టు మీద రాళ్ళు పేర్చినట్టు, సందు లేకుండా. రెండు, వెలుతురు పడగానే ఒక హైడ్రోజన్‌ని అటు ఇటు జరిపి ఆ శక్తిని వేడిగా వదిలేస్తుంది. బంధం తెగే అవకాశం వెలుతురుకి దొరకదు. పైగా ఆకు రసాన్ని గాలిలో చిలికితేనే నీలి తయారవుతుంది. అంటే ఆక్సిజన్ చేసే పని ముందే అయిపోయింది.

2012లో ఆస్ట్రియాలోని లింజ్ యూనివర్సిటీలో ఇరిమియా-వ్లాదు, గ్వోవట్స్కీ, సరిచిఫ్చి బృందం ఈ నీలితోనే ట్రాన్సిస్టర్లు చేసింది. అడుగున పలకగా వాడింది లక్క. మోదుగ, రేగు చెట్ల మీద పెరిగే లక్క పురుగు ఇచ్చేదే. ఆ నీలి ఎలక్ట్రాన్లనీ, ఖాళీలనీ రెండింటినీ మోసింది, గాలిలోనూ నిలిచింది. అదే జాతి హైడ్రోజన్ బంధాల రంగులతో చేసిన ట్రాన్సిస్టర్లు తర్వాత గాలిలో నెలల తరబడి పనిచేశాయి.

వేగం మాత్రం తక్కువ. కరెంటు మోసే చురుకుదనాన్ని కొలిచే అంకె నీలికి 0.01 దగ్గర ఉంటే, కంప్యూటర్ చిప్పుల్లోని సిలికాన్‌కి సుమారు 1,400. లక్ష రెట్లు పైనే తేడా! సెల్‌ఫోన్‌కి పనికిరాదు. కానీ నేల తేమ ఏమన్నా సెకనుకి కోటిసార్లు మారుతుందా? గంటకోసారి చెబితే మనకి చాలు.

నిలకడకీ, కుళ్ళడానికీ మధ్య ఒక తాళంచెవి

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. ఇంత గట్టి నీలి మట్టిలో ఎలా కలుస్తుంది?

కలంకారీ వాళ్ళనీ, నీలి అద్దకం వాళ్ళనీ చూడండి. నీలి నీళ్ళలో కరగదు. కానీ సున్నం, బెల్లం వేసి గాలి తగలకుండా పులియబెడితే పచ్చగా మారి కరిగిపోతుంది. అందులో గుడ్డ ముంచి బయటికి తీస్తే గాలి తగిలి మళ్ళీ నీలం. ఏళ్ళ తరబడి ఎండకి చెక్కుచెదరని అణువు, సరైన కుండలో పడితే రోజుల్లో విడిపోతోంది. ఇక చెక్కని తినే కొన్ని బూజు జాతులు లాకేస్ అనే ఎంజైమ్‌తో నీలిని ముక్కలు చేస్తాయని కూడా తేలింది. ముందు ఐసాటిన్, తర్వాత ఆంత్రనిలిక్ ఆసిడ్‌గా విడగొడతాయి. మన ఆచ్ఛాదన కింద తెల్లటి బూజు పాకుతుంది చూశారా, ఆ తరహా జీవులన్నమాట.

ఇదీ నేను చెప్పాలనుకున్న అసలు సంగతి. నిలకడ అనేది వస్తువులో ఉండే గుణం మాత్రమే కాదు. వస్తువు, అది ఉన్న చోటు, రెండూ కలిస్తేనే నిలకడ. ధాన్యం గాదెలో ఏడాది ఉంటుంది, తడి మట్టిలో వారంలో మొలకెత్తుతుంది. వేప కషాయం సాయంత్రం కొట్టమని ఎందుకంటాం? అందులోని అజాడిరాక్టిన్ ఎండకి విరిగిపోతుంది కాబట్టి. అది లోపం కాదు, పంట మీద మిగలకపోవడానికి కారణం కూడా అదే. కాబట్టి "ఇది నిలుస్తుందా, కుళ్ళుతుందా" అని అడిగితే సగం ప్రశ్నే. "ఎక్కడ నిలుస్తుంది, ఏది తగిలితే కుళ్ళుతుంది" అని అడగాలి.

ఇదే ఆలోచనతో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో జెనాన్ బావో బృందం 2017లో ఒక పాలిమర్ చేసింది. వరసలో అక్కడక్కడ "ఇమీన్" అనే బంధం పెట్టారు. ఇమీన్ కూడా జంట బంధమే, అందువల్ల కరెంటు దారి తెగదు. కానీ పులుపు తగిలితే నీళ్ళు ఆ బంధాన్ని విప్పేస్తాయి. అడుగున కాగితం జాతి సెల్యులోజ్ పొర, తీగలకి ఇనుము. పీహెచ్ 4.6 ఉన్న ద్రావణంలో, అంటే పుల్ల మజ్జిగకి దగ్గర పులుపులో, మొత్తం విడిపోయింది. మామూలు చోట నిలవాలి, పుల్లటి చోట విడిపోవాలి. తాళంచెవి పులుపు.

ఆ తాళంచెవి మన నేలలో ఉందా?

ల్యాబు వార్తని మన చేలోకి తెచ్చి చూడాల్సింది ఇక్కడే. మన నల్లరేగడి భూములు చాలా వరకు క్షారం వైపు ఉంటాయి, పీహెచ్ 8 చుట్టూ, కొన్ని చోట్ల ఇంకా పైన. పీహెచ్ లెక్కలో ఒక్క అంకె తేడా అంటే పులుపులో పది రెట్ల తేడా. 4.6కీ 8కీ మధ్య రెండు వేల రెట్లు పైనే! పులుపుతో తెరుచుకునే తాళం రేగడి మట్టిలో అంత తొందరగా తెరుచుకోదు. ఎర్రనేలల్లో కొన్ని పులుపు వైపు ఉంటాయి కానీ 4.6 దాకా పోవడం అరుదు. అంటే అలాంటి సెన్సార్ మన దగ్గరికి వస్తే పొలంలో వదిలెయ్యకుండా, ఏరుకొచ్చి పుల్ల మజ్జిగ తొట్టిలో వెయ్యాల్సి రావచ్చు.

అలాగే "కంపోస్టు అవుతుంది" అనే ముద్ర. పీఎల్ఏ అనే మొక్కజొన్న ప్లాస్టిక్ ఫ్యాక్టరీ కంపోస్టు గుట్టలో, 58 డిగ్రీల వేడి దగ్గర కొన్ని నెలల్లో విడిపోతుంది. మన చేలో ఆ వేడి ఉండదు. మామూలు మట్టిలో అదే పీఎల్ఏ చాలా నెమ్మది. ముద్ర అబద్ధం కాదు, కానీ అది వేరే చోటికి చెందిన నిజం.

విరిగిపోవడం వేరు, జీర్ణం కావడం వేరు

స్టాన్‌ఫర్డ్ వాళ్ళు తమ పేపర్ టైటిల్‌లో నిజాయితీగా "పూర్తిగా విడిపోయే" అనే మాట వాడారు. "సూక్ష్మజీవులు పూర్తిగా తినేసే" అనలేదు. పెద్ద గొలుసు విడిపోయి చిన్న ముక్కలవుతుంది. ఆ ముక్కల్లో ఒకటి కారు పెయింట్లలో వాడే ఎరుపు రంగు జాతి, గట్టి ఘటం. రెండోది తలకి వేసే నల్ల రంగుల్లో ఉండే పారా-ఫినిలిన్ డైఅమీన్, మోతాదు ఎక్కువైతే విషం. వాళ్ళు గుండె కణాల మీద పరీక్షించి హాని కనిపించలేదన్నారు, వాడిన మోతాదూ చాలా చిన్నది. అయినా మట్టిలో పెట్టేముందు ఆ ముక్కల గతి ఏంటో విడిగా చూడాలి.

దీనికి అంతర్జాతీయ పరీక్షలు ఉన్నాయి. ఐఎస్ఓ 17556 పద్ధతిలో ఆ పదార్థాన్ని మట్టిలో కలిపి, ఎంత కార్బన్ డై ఆక్సైడ్ వస్తోంది, ఎంత ఆక్సిజన్ ఖర్చవుతోంది అని కొలుస్తారు. సూక్ష్మజీవి తింటేనే ఊపిరి వదులుతుంది కదా! మట్టిలో కలిసే మల్చింగ్ షీట్లకి యూరప్‌లో పెట్టిన ఈఎన్ 17033 ప్రమాణం ప్రకారం రెండేళ్ళ లోపు 90 శాతం తినేసి ఉండాలి. కంటికి కనబడకుండా పోతే చాలదు. కంటికి కనబడని ముక్కలే మైక్రోప్లాస్టిక్.

చచ్చిన సెన్సార్ కన్నా అబద్ధం చెప్పే సెన్సార్ ప్రమాదం

రైతుగా నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇది. మా వేరుశనగ మడిలో ఒక కంపెనీ తేమ సెన్సార్ ఉండేది. పేరెందుకు గానీ, మామూలు ప్లాస్టిక్ రకమే. రెండో ఏడాదికి అంచుల దగ్గర పూత లేచి బోర్డులోకి నీళ్ళు ఎక్కాయి. మట్టి పొడిగా ఉన్నా తేమ బాగుందని చూపించడం మొదలుపెట్టింది. చేత్తో మట్టి పట్టుకుని చూసే అలవాటు ఉండబట్టి ఊడలు దిగే టైంలో తడి తప్పిపోలేదు.

గట్టి ప్లాస్టిక్ సెన్సారే ఇలా చేస్తే, కుళ్ళిపోవడానికే పుట్టిన సెన్సార్ సంగతి? అది ఒక్కసారిగా ఆగిపోతే మనకి తెలుస్తుంది. కొత్తది పెట్టుకుంటాం. కానీ ఆర్గానిక్ ట్రాన్సిస్టర్ అలా ఆగదు. పైన చెప్పిన గుంతలు పెరిగి, వరస కొద్దికొద్దిగా తెగి, రీడింగ్ రోజుకింత జారుతుంది. 110 రోజుల పంటలో 60వ రోజుకే జారుడు మొదలైతే, మిగతా 50 రోజులు తడులు తప్పుడు లెక్క మీద పెడతాం. కాబట్టి "120 రోజులు పనిచేస్తుంది" అంటే చాలదు. "120వ రోజు రీడింగ్ మొదటి రోజు రీడింగ్‌కి ఎంత దగ్గరగా ఉంటుంది" అనేదే అసలు నిలకడ.

దీనికి వెతుకుతున్న దారులు మూడు:

- కోటు వెయ్యడం. తేనె మైనం, లక్క లాంటి సహజమైన పూతలు. పూత ఉన్నన్నాళ్ళు లోపలిది పొడిగా ఉంటుంది. పూత తిన్నాక లోపలిది గబగబా పోతుంది. పూత మందమే గడియారం అన్నమాట. జపాన్‌లో ఒసాకా యూనివర్సిటీ వాళ్ళు చెక్క గుజ్జు సన్న కాగితం మీద తగరం తీగలు వేసి, సహజ మైనం పూసి మట్టి తేమ సెన్సార్లు చేశారు.

- జత పెట్టడం. పక్కపక్కనే రెండు పెడతారు. ఒకటి మట్టిని చూస్తుంది, రెండోది మూసిన చోట ఉండి తనెంత ముసలిదయిందో చెబుతుంది. తేడా తీసేస్తే అసలు రీడింగ్.

- కుళ్ళడాన్నే కొలతగా మార్చడం. నాకు బాగా నచ్చింది ఇది. అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ, బౌల్డర్‌లో కార్బన్ పొడిని పీహెచ్‌బీవీ అనే జిగురుతో కలిపి తీగలా ప్రింట్ చేశారు. ఆ జిగురు బ్యాక్టీరియా తయారు చేసేదే, మట్టి జీవులకి తిండి. అవి తినేకొద్దీ కార్బన్ రేణువులు దూరమై కరెంటుకి అడ్డం పెరుగుతుంది. ఆ పెరుగుదల చూసి మట్టిలో జీవం ఎంత చురుగ్గా ఉందో చెబుతారు. ఇది సెమీకండక్టర్ కాదు, మామూలు కండక్టరే. కానీ ఆలోచన చూడండి, పాడవడమే రీడింగ్! జీవామృతం పోసిన మడికీ పొయ్యని మడికీ తేడా ఇలాంటి దానితో అంకెల్లో చూసే రోజు వస్తే మనకంటే సంతోషించేవాళ్ళు ఉండరు.

సెమీకండక్టర్ ఒక్కటే కలిస్తే సరిపోదు

ఒక చిన్న లెక్క చూద్దాం. ఆర్గానిక్ సెమీకండక్టర్ పొర మందం సుమారు 50 నానోమీటర్లు అనుకుందాం. ఒక చదరపు సెంటీమీటరు సెన్సార్‌లో దాని బరువు 6, 7 మైక్రోగ్రాములు. ఎకరానికి వెయ్యి సెన్సార్లు పెట్టినా మొత్తం 7 మిల్లీగ్రాములు, ఒక ఉప్పు చిటికెలో పదో వంతు కూడా ఉండదు. మరి బరువంతా ఎక్కడుంది? పలకలో, తీగల్లో, బ్యాటరీలో, డబ్బాలో.

"బయోడిగ్రేడబుల్ సెమీకండక్టర్" అని చెప్పి మామూలు ప్లాస్టిక్ పలక, లిథియం బ్యాటరీ పెడితే, చక్కెర పూసిన రాయి అమ్మినట్టే. తీగల సంగతీ చూడాలి. ప్రింటింగ్‌లో ఎక్కువగా వాడేది వెండి సిరా. వెండి సూక్ష్మజీవుల్ని చంపుతుంది, అందుకే కదా గాయాల మందుల్లో వాడతారు. మనం ఆవు పేడతో పెంచుకునే జీవుల మధ్య దాన్ని పాతిపెట్టడం ఏం న్యాయం? ఇనుము, జింకు, మెగ్నీషియం అయితే మొక్కకి కావలసినవే, కొద్ది మోతాదులో ఇబ్బంది లేదు.

ఇన్ని తిప్పలు ఉన్నప్పుడు సెమీకండక్టర్ నిలకడ మీద అంత పని ఎందుకంటే, మిగతా భాగాలకి ఏదో ఒక సహజమైన బదులు దొరుకుతోంది. కాగితం ఉంది, మైనం ఉంది, జింకు ఉంది. గేటులా తెరుచుకుని మూసుకుంటూ, నమ్మకంగా పనిచేసి, చివరికి తిండిగా మారే పదార్థం దొరకడమే కష్టం.

ఎవరైనా అమ్మడానికి వస్తే ఈ ఐదు అడగండి

1. ఎన్ని రోజులు రీడింగ్ జారకుండా ఉంటుంది? నా పంట కాలానికి సరిపోతుందా?
2. ఏది తగిలితే కుళ్ళుతుంది: పులుపా, తేమా, ఎండా, సూక్ష్మజీవులా? అది నా నేలలో ఉందా?
3. పరీక్ష ఎక్కడ చేశారు: మట్టిలోనా, 58 డిగ్రీల కంపోస్టులోనా, ల్యాబు ద్రావణంలోనా?
4. విడిపోయాక మిగిలే ముక్కలేంటి? వాటిని సూక్ష్మజీవులు తింటాయా?
5. బ్యాటరీ, తీగలు, పలక వేటితో చేశారు? ఏవి నేను వెనక్కి ఏరుకోవాలి?

ఐదింటికీ తిన్నగా జవాబు చెప్పలేకపోతే, "బయోడిగ్రేడబుల్" అనే మాటకి ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి.

మీరే ఇంట్లో చేసి చూడండి

పెద్ద ఖర్చు లేదు. తెల్ల నూలు గుడ్డ పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టి మూడు ముక్కలు చెయ్యండి. పాత జీన్స్ గుడ్డ మూడు ముక్కలు తీసుకోండి, నూటికి నూరు నూలుదైతే మంచిది. ఒక్కో జత ఇలా పెట్టండి:

- ఒక జత ఎండలో, వారం రోజులు.
- ఒక జత సున్నపు తేట నీళ్ళలో, ఒక గంట.
- ఒక జత మట్టిలో జానెడు లోతున, రెండు నెలలు. వీలైతే ఆచ్ఛాదన ఉన్న మడిలో ఒకటి, బోడి మడిలో ఒకటి.

ఎండలో పసుపు పోతుంది, నీలి ఉంటుంది. సున్నంలో పసుపు ఎర్రబడుతుంది, నీలి ఉంటుంది. సున్నం ఒక్కటే ఉంటే చాలదు, బెల్లం పెట్టి పులియబెడితేనే నీలి కరుగుతుందని గుర్తుంది కదా. మట్టిలో పెట్టిన వాటిలో రంగు కన్నా ముందు గుడ్డ సంగతి చూడండి. జీవం ఉన్న మడిలో గుడ్డ చిల్లులు పడుతుంది. ఒకే గుడ్డ, ఒకే రంగు, చోటు మారితే కథ మారుతుంది. ల్యాబుల్లో ఏళ్ళుగా చేస్తున్న పని సారం మీ చేతిలో కనబడుతుంది.

తవ్వి తీసిన గుడ్డల ఫొటోలు, మీ నేల రకం, పీహెచ్ తెలిస్తే అది కూడా కామెంట్లలో పెట్టండి. రేగడి, ఎర్రనేల, ఇసుక నేల వారీగా అన్నీ పక్కపక్కన పెట్టి ఇంకో వీడియో చేద్దాం.